మా యింటి పందెపు కారు

భావనపాడులో పందెపు కారేమిటని మీరు నవ్వవచ్చు. నవ్వండి, మాకు అలవాటే. మా వూళ్ళో వున్నవి సముద్రం, పడవలు, వలలు, యిసకలో ఆరబెట్టిన చేపలు, కొబ్బరిచెట్లు. కాస్త లోపలికి వెడితే నౌపడ ఉప్పుమళ్ళు. యిటువంటి చోట, నేలకు జానెడెత్తున పాకుతూ పోయే యెర్రకారు వొకటి, రిటైరైన బడిపంతులు పెరట్లో, కొట్టం కింద వుందంటే, యెవరి దగ్గరో బాకీ కింద జమకట్టుకుని వుంటాడనే అనుకుంటారు యెవరైనా.

అది మా తమ్ముడిది. బెంగుళూరులో వుద్యోగం చేసే రోజుల్లో ముచ్చటపడి కొనుక్కున్నాడు. పేరు శాన్ స్టార్మ్. మన దేశంలోనే తయారైన రెండు సీట్ల కారు. గత శతాబ్దం ఆఖరి యేళ్ళలో బయటికి వచ్చింది. తయారైనవీ తక్కువే, యిప్పుడు మిగిలినవి యింకా తక్కువ. పైకప్పు గుడ్డది, మడిచి వెనక్కి తోసెయ్యవచ్చు. యింజను ఫ్రెంచివారి రెనో కంపెనీది: 1149 సి.సి., 60 గుర్రాల బలం. వొళ్ళు మాత్రం రేకు కాదు, ఫైబరు. అంటే, మా వూరి రేవులో పడవలు చేసే సరుకే. యీ చివరి ముక్క గుర్తుంచుకోండి. కథంతా దాని మీదే నడుస్తుంది.

2012లో తమ్ముడు అమెరికా వెళ్ళిపోతూ కాగితాలన్నీ నా పేరు మీదికి మార్పించి, కారు తెచ్చి మా పెరట్లో పెట్టాడు. "అమ్మెయ్యకు అన్నయ్యా. నేను వచ్చాక అమ్మను యిందులో శ్రీముఖలింగం తీసుకువెడతాను" అన్నాడు. అమ్మకు అప్పటికి 73 యేళ్ళు. "గోతిలో కూచున్నట్టు కూచోవాలి కాబోలు యిందులో" అన్నదే గాని, ఆ మాట మాత్రం మరిచిపోలేదు. శివరాత్రి వచ్చినప్పుడల్లా, "వాడు వస్తానన్నాడా?" అని అడిగేది.

కొబ్బరిచెట్టు తీర్పు

2018 అక్టోబరు 11 తెల్లవారుజామున తిత్లీ తుపాను మా జిల్లాలో, పలాస ప్రాంతంలో తీరం దాటింది. ఆ రాత్రి సంగతి మా వైపు వాళ్ళకు చెప్పనక్కరలేదు. జీడితోటలు, కొబ్బరితోటలు పుట్టగోడల్లా కూలిపోయాయి. మేమంతా దేవుడి గదిలో వొకరినొకరు పట్టుకుని కూచున్నాం. తెల్లవారి చూస్తే, పెరట్లోని కొబ్బరిచెట్టు కొట్టాన్నీ, కొట్టం కారునీ నొక్కిపెట్టి వున్నాయి. ముందుభాగం కుడివైపున గుమ్మడికాయ పగిలినట్టు పగిలింది. గుడ్డకప్పు చిరిగింది.

అంతకన్నా పెద్ద చిక్కు క్యాలెండరులో వుంది. సొంతకారుకు మొదటి రిజిస్ట్రేషను 15 యేళ్ళు. అది తీరాక బండిని చూపించి, యోగ్యంగా వుందనిపించుకుంటే మరో అయిదేళ్ళకు పొడిగిస్తారు. మా కారు 2004 నాటిది. అంటే 2019 జూన్ దాటేలోగా అది నడవాలి, ఆగాలి, బ్రేకు యిన్‌స్పెక్టరు గారి కంటికి ఆనాలి. లేకపోతే పాతయినుపవాడికి యివ్వాలి.

మా అబ్బాయి అప్పుడే మెకానికల్ యింజనీరింగు పూర్తిచేసి, వుద్యోగం లేక యింట్లో వున్నాడు. ట్యూషన్లు చెప్పి 45 వేలు కూడబెట్టాడు. "నాన్నా, యెలాగూ విప్పుతాం గదా, కొత్తగా చేసేద్దాం" అన్నాడు. వాడి నోటు పుస్తకంలో అప్పటికే పెద్ద జాబితా వుంది: వెడల్పు చక్రాలు, పెద్ద యింజను, గర్జించే సైలెన్సరు, వెనకాల విమానం తోకలాంటి రెక్క.

మా ఆవిడ, "ముందు వంటింటి పెంకులు నేయించండి" అంది.

అత్తవారి గారేజీ

మావాడికి యీ పిచ్చి వూరికే పట్టలేదు. యింటి పెరట్లో కార్లు మార్చుకునే వాళ్ళ చరిత్ర పెద్దదే. రెండవ ప్రపంచయుద్ధం ముగిశాక, అమెరికాలో కాలిఫోర్నియా కుర్రాళ్ళు పాత ఫోర్డు కార్లు చౌకగా కొని, మడ్‌గార్డులు, అనవసరమైన బరువు పీకేసి, యింజనుకు పదును పెట్టి, యెండిన చెరువుల మీద పరుగు తీయించేవారు. లండనులో కోలిన్ చాప్మన్ అనే కుర్రాడు, తాను ప్రేమించిన అమ్మాయి తల్లిదండ్రుల గారేజీలో కూచుని, పాత ఆస్టిన్ సెవెన్ వొకటి విప్పి, 1948 నాటికి దాన్ని కొత్త కారుగా కట్టాడు. ఆ గారేజీలో మొదలైన లోటస్ కార్లు తరవాత ప్రపంచ పందాలు గెలిచాయి. యీ సంగతి మావాడు చెబితే, "ఆ పిల్ల తల్లి యేమీ అనలేదూ?" అని మా ఆవిడ అడిగింది.

మన వైపూ వున్నారు. మద్రాసుకు ఉత్తరాన షోలవరంలో, యుద్ధకాలపు విమానాల పట్టీ మీద యేళ్ళ తరబడి కారు పందాలు జరిగాయి. వారంలో ఆరు రోజులు సంసారం మోసిన ఫియట్లు, హెరాల్డులు, యేడో రోజు పందెంలో దిగేవి. 1990 నుంచి ఆ ముచ్చట శ్రీపెరుంబుదూరు దగ్గరి ఇరుంగాట్టుకోట్టై ట్రాకుకు మారింది. యిక హైదరాబాదులో సుధాకర్ గారు వున్నారు. బడిలో చదివే రోజుల్లోనే పాత సామాను పోగుచేసి బండ్లు కట్టడం మొదలుపెట్టిన మనిషి. 2005లో ఆయన కట్టిన మూడుచక్రాల సైకిలు 41 అడుగుల 7 అంగుళాల యెత్తుతో గిన్నిస్ రికార్డు కెక్కింది. 2010లో బహదూర్‌పురాలో సుధా కార్ల మ్యూజియం తెరిచారు. వంకాయ కారు, కెమేరా కారు, క్రికెట్ బ్యాటు కారు – అన్నీ నడుస్తాయి. మావాడు చిన్నప్పుడు అది చూసివచ్చి వారం రోజులు అన్నం సరిగా తినలేదు.

జాబితాకు గండి

జాబితాకు మొదటి గండి ఢిల్లీలో పడింది. 2019 జనవరి 9న సుప్రీంకోర్టు, కేరళ నుంచి వచ్చిన కేసులో తీర్పు చెప్పింది. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షను ప్రకారం, తయారుచేసినవారు నిర్ణయించిన కొలతలకూ లక్షణాలకూ విరుద్ధంగా బండిని మార్చరాదు అని. ఆ యేడాదే చట్టాన్ని సవరించి శిక్ష కూడా పెట్టారు: మార్పుకు అయిదు వేల రూపాయల జుల్మానా, లేదా ఆరు నెలల దాకా ఖైదు, లేదా రెండూనూ.

నేను నోటు పుస్తకం ముందు పెట్టుకుని, పరీక్ష పేపరు దిద్దినట్టు యెర్రసిరాతో దిద్దాను. పెద్ద యింజను: కొట్టివేత. మడ్‌గార్డు దాటి పొడుచుకు వచ్చే చక్రాలు: కొట్టివేత. గర్జించే సైలెన్సరు: కొట్టివేత. రంగు మార్చవచ్చు; అయితే రిజిస్ట్రేషను ఆఫీసులో రాయించుకోవాలి. సీట్ల గుడ్డ, లోపలి అలంకారం మన యిష్టం. పాడైన భాగాన్ని అదే కొలతకు బాగుచేసుకోవచ్చు.

"యిక మిగిలిందేమిటి నాన్నా?" అన్నాడు మొహం వేలాడేసుకుని.

ఆ ప్రశ్నకు నా దగ్గర జవాబు లేదు. జవాబు రేవులో వుంది.

పడవల తాత

మా రేవులో పడవలు బాగుచేసే ముసలాయన వున్నాడు. అందరికీ తాత. కుర్రతనంలో దుంగలు కట్టిన తెప్ప మీద వేటకు వెళ్ళినవాడు. 1980ల నుంచి మన తీరంలో ఫైబరు పడవలూ, వెనక తగిలించే మోటార్లూ రావడం మొదలయ్యాక, ఆ పని చేత్తో నేర్చుకున్నాడు. మావాడు ఫోనులో కారు బొమ్మ చూపిస్తే, మర్నాడే పెరట్లోకి వచ్చాడు.

"ఏటి బాబూ, దీనికేనా ఇంత ఇచారం? ఇది మా పడవ సరుకే గదా! ఇంతకన్న పెద్ద బొక్క పడితే నాను ఏడవనేదు" అన్నాడు. తరవాత నావైపు తిరిగి, "పైది నాను సేస్తాను మాస్టారూ. కిందది సూసారేటి మీరు?"

మేము చూడలేదు. తాత గోనెపట్టా పరుచుకుని కారు కింద వెల్లకిలా పడుకున్నాడు. స్క్రూడ్రైవరు పిడితో చట్రాన్ని అంగుళం అంగుళం తట్టుకుంటూ పోయాడు. ఠంగు, ఠంగు, ఠంగు... వొకచోట 'దబ్బు'మంది. స్క్రూడ్రైవరు తిప్పి పొడిస్తే, మొన లోపలికి దిగిపోయి, పిడికెడు తుప్పు రాలింది.

పడవలను యిలాగే తట్టి చూస్తారట. ఫైబరు పొరలు అతుక్కుని వుంటే వొక చప్పుడు. మధ్యలో నీరు చేరి విడిపోతే మరో చప్పుడు. కారు వొళ్ళు ఫైబరు గనక తుప్పు పట్టదు. అందువల్ల బయటికి నిగనిగలాడుతూ వుంటుంది. కాని యింజనునీ, చక్రాలనీ, మనుషులనీ మోసేది లోపలి ఉక్కు చట్రం. ఉప్పుగాలి ఆరేళ్ళుగా దాన్ని నమిలేస్తోంది. మేము ప్రతి ఆదివారం పైన మెరుగు పెట్టుకుంటున్నాము!

ఆ రాత్రి మావాడు అన్నం దగ్గర మాట్లాడలేదు. పొద్దున్నే వచ్చి, "చక్రాల డబ్బు చట్రానికి పెడతాను నాన్నా" అన్నాడు. వాడికి వుద్యోగం దొరికిందంటే కూడా నాకు అంత సంతోషం కలిగేది కాదేమో.

గాజుపీచు వంట

టెక్కలి నుంచి వెల్డింగు మేస్త్రి వచ్చాడు. పెట్రోలు టాంకి విప్పి దూరంగా పెట్టి, బ్యాటరీ తీగ వూడదీసి, ఫైబరుకు సెగ తగలకుండా తడి గోనెలు కప్పి, కుళ్ళిన ముక్కలు కోసి అదే మందం ఉక్కు వేసి అతికాడు. చట్రం మీద కొట్టిన నంబరు జోలికి మాత్రం పోనివ్వలేదు; అది పోతే కారు జాతకమే పోతుంది. అతుకుల మీద జింకు రంగు, పైన మామూలు రంగు, లోపలి బోలులో మైనం కలిపిన నూనె. నీరు నిలిచే చోట్ల తూములు మూసుకుపోయి వుంటే తెరిచాం.

మావాడు పుస్తకంలో చదివి, పడవ మోటార్లకు బిగించినట్టు జింకు దిమ్మలు చట్రానికి బిగిద్దామన్నాడు. సముద్రంలో యినుముకు బదులు జింకు కరిగిపోయి యినుమును కాపాడుతుంది, నిజమే. తాత నవ్వి, "నీట్లో మునిగితేనే గదా బాబూ జింకు పని సేసేది. నీ కారు ఈదుతాదేటి?" అన్నాడు. నాలుగేళ్ళ యింజనీరింగు ఆ క్షణాన కాస్త తలవంచింది.

తరవాత ఫైబరు. యిది వంటలాంటి పని. పాళ్ళు తప్పితే పాడవుతుంది. పగిలిన అంచును తిన్నగా కొయ్యకూడదు. పలక మందానికి పన్నెండు రెట్ల వెడల్పున యేటవాలుగా అరగదీయాలి. అప్పుడే కొత్త పొర పాతదాన్ని పట్టుకుంటుంది. అసిటోనుతో తుడవాలి. లోపలివైపు నుంచి గాజుపీచు చాప పరిచి, బ్రష్షుతో రెజిను పట్టించి, రోలరుతో గాలిబుడగలు నొక్కెయ్యాలి. బుడగ మిగిలితే అక్కడే రేపు పగులుతుంది. రెజినుకు కోబాల్టు కలిపి, అది పూర్తిగా కలిశాక గట్టిపరిచే మందు వందకు వొకటి, రెండు పాళ్ళు వెయ్యాలి. ఆ రెండు మందుల్నీ నేరుగా వొకదానితో వొకటి కలిపితే పేలుతుంది! తాత వాటిని పెరటికి అటొకటి, యిటొకటి పెట్టించాడు. వాన ముసురు వున్న రోజున పని ముట్టనివ్వలేదు. పీచు దుమ్ము వూపిరితిత్తులకు చేటు గనక మూతికి ముసుగు, చేతికి తొడుగు లేనిదే మావాణ్ణి దగ్గరికి రానివ్వలేదు. తాను మాత్రం తువ్వాలు చుట్టుకున్నాడు. మావాడు వొకటి కొనిచ్చి, బతిమాలి ముసుగు పెట్టించాడు.

అమెరికా వాళ్ళు 1953లో కొర్వెట్ అనే కారుకు ఫైబరు వొళ్ళు తొడిగి ప్రపంచాన్ని ఆశ్చర్యపరిచారట. యీ సంగతి మావాడు చెబితే తాత, "ఆళ్ళూ పడవోళ్ళేనేటి?" అని అడిగాడు.

ఆగడం ముందు, పరుగు తరవాత

బ్రేకులు విప్పితే మరో పాఠం. బ్రేకు నూనె గాలిలోని తేమను పీల్చుకుంటుంది. సముద్రపు వొడ్డున గాలిలో తేమకు కరువా? అలా నీరు చేరిన నూనె, బ్రేకు వేడెక్కినప్పుడు మరిగి ఆవిరి బుడగలవుతుంది. కాలు నొక్కితే పెడలు నేలకు దిగిపోతుంది, కారు ఆగదు. యెంత తిరిగినా, తిరక్కపోయినా రెండేళ్ళకొకసారి మార్చడం మంచిది. గొట్టాలు, రబ్బర్లు, నూనె అన్నీ కొత్తవి వేశాం.

టైర్లు చూపుకు కొత్తవే. గాడులు నిండుగా వున్నాయి. కాని పక్కన గుండ్రని గడిలో నాలుగంకెలు వుంటాయి, మీ యింటి కారుకు కూడా చూసుకోండి. మొదటి రెండూ వారం, తరవాతి రెండూ సంవత్సరం. మావాటి మీద 2310 అని వుంది: 2010లో 23వ వారం. వాడకపోయినా రబ్బరు గిడసబారుతుంది. అవీ మార్చాం, అదే కొలతలో. మావాడి 45 వేలూ అయిపోయాయి. మా ఆవిడ పెంకుల డబ్బులోంచి పన్నెండు వేలు తీసి బల్ల మీద పెట్టి, యేమీ మాట్లాడకుండా వంటింట్లోకి పోయింది. ఆ వానాకాలం పొయ్యి పక్కన గిన్నె పెట్టుకుని వండింది.

గుడ్డకప్పు వూళ్ళో టార్పాలిన్లు కుట్టే ఆయన కుట్టాడు. యిక జాబితాలో లేని పని వొకటి మిగిలింది. అమ్మను వొకసారి కూచోబెట్టి చూశాం. దిగడం దిగింది, లేవలేక పోయింది. సీటు అంత పల్లం. "నా వల్ల కాదురా, వొదిలెయ్యండి" అంటూ నవ్వింది గాని, కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి.

మావాడు రెండు రోజులు ఆలోచించాడు. గట్టి స్పంజి కోసి, సీటు మీద బెల్టుకు అడ్డురాకుండా నాలుగంగుళాల దిండు కుట్టించాడు. తాత వలతాడు తెచ్చి, పడవ యెక్కేవాడు పట్టుకునే తాడులాగా పిడి అల్లాడు. తలుపు వైపు చట్రానికి బిగించాడు. తాను దానికి వేలాడి చూసి, "ఇప్పుడు ఎక్కమ్మా. మా పడవలో ముసిలోళ్ళు ఇలాగే ఎక్కుతారు" అన్నాడు. అమ్మ యెక్కింది. దిగింది. మళ్ళీ యెక్కింది.

జూన్‌లో బ్రేకు యిన్‌స్పెక్టరు గారు కారు చుట్టూ తిరిగారు, లైట్లు చూశారు, చట్రం నంబరు సరిపోల్చుకున్నారు, నడిపించి ఆపించారు. తుపాను దెబ్బ యెక్కడ తగిలిందో కనుక్కోలేకపోయారు. అయిదేళ్ళకు పొడిగించారు.

2020 సంక్రాంతికి తమ్ముడు వచ్చాడు. కనుమ మర్నాడు అమ్మను పక్కన కూచోబెట్టుకుని, కప్పు వెనక్కి తోసి బయలుదేరాడు. కోటబొమ్మాళి, నరసన్నపేట మీదుగా వంశధార వొడ్డున శ్రీముఖలింగం దాకా, గంటకు నలభై దాటకుండా పోయాడట. వెనకాల బస్సులో మేము. అరవై గుర్రాల బండిని దారిలో ఆటోలు దాటిపోయాయట. అమ్మ మాత్రం, "నెమ్మదిగా పోనీరా, యెంత వేగమో!" అంటూనే వుందట.

రెండు నెలలకు కరోనా వచ్చింది. తమ్ముడికి మళ్ళీ రావడానికి మూడేళ్ళు పట్టింది. అప్పటికి అమ్మ లేదు.

మావాడిప్పుడు విశాఖలో వుద్యోగం చేస్తూ, శనివారాలు వచ్చి కారు చూసుకుంటాడు. 2024లో మళ్ళీ పొడిగింపుకు తీసుకువెళ్ళాం. యీసారి కుర్ర ఆఫీసరు. తలుపు తెరిచి, వలతాడు పిడి పట్టుకుని, "యిదేమిటి? కంపెనీ ఫిట్టింగు కాదే?" అన్నారు.

"కాదండి. మా నాయనమ్మ పట్టుకుని యెక్కేది" అన్నాడు మావాడు.

ఆయన దాన్ని వొకసారి లాగి చూశారు. "గట్టిగానే వుంది" అని, సంతకం చేశారు.